పలుకు వెనుక వ్రాత

పాఠ్యభాగ ఉద్దేశం

వేర్వేరు ఊళ్ళలో కార్యాలయాలు గల సంస్థ తన ఐ.పి. ఫోన్ల అమరికలను ఏ విధంగా వ్రాసి భద్రపరచుకోవాలో, ఆ వ్రాతలో దొర్లే చిన్న పొరపాటు ఎంత చిక్కుకు దారితీస్తుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ముఖ్యోద్దేశం. సాంకేతిక విషయాన్ని తేట తెలుగులో వివరించగల నేర్పును అలవరచడం మరొక ఉద్దేశం.

పాఠ్యభాగం

విజయవాడ నుంచి హైదరాబాదుకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణిస్తే నందిగామ వస్తుంది. అక్కడికి మరో 30 కిలోమీటర్ల దూరంలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా జగ్గయ్యపేట ఉంది. రెండూ కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో పేరుపొందిన పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. మునేరు ఒక పట్టణానికి పొరుగు. పాలేరు మరొక పట్టణానికి పొరుగు. పత్తి, మిరప పంటల వర్తకం, సిమెంటు పరిశ్రమ, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు ఈ ప్రాంతపు జీవనంలో ముఖ్యభాగాలు.

ఇంత దగ్గరి ఊళ్ళైనా వీటి టెలిఫోను కోడ్లు ఒకటి కావు. నందిగామ కోడు 08678. జగ్గయ్యపేట కోడు 08654. విజయవాడ కోడు 0866. విజయవాడలో స్థానిక నంబరుకు ఏడు అంకెలుంటాయి. ఈ రెండు పట్టణాలలో ఆరు అంకెలే ఉంటాయి. పాత పద్ధతి టెలిఫోనుకు ఈ తేడాలను ఎవరూ నేర్పనక్కరలేదు. దాని తీగ ఏ ఊరి ఎక్స్ఛేంజికి చేరితే అదే దాని ఊరు. ఐ.పి. ఫోను సంగతి అలా కాదు. అది ఏ ఊరిలో ఉన్నదో, ఏ నంబరుకు బదులు పలకాలో, బయటి పిలుపును ఏ దారిన పంపాలో ఎవరో ఒకరు వ్రాసి ఉంచాలి. ఆ వ్రాతనే కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు. తెలుగులో దానిని అమరికల ఫైలు అనవచ్చు.

ఐ.పి. ఫోను స్వరూపం

ఐ.పి. ఫోను చూపులకు మామూలు టెలిఫోను వలెనే ఉంటుంది. లోపల మాత్రం అది ఒక చిన్న కంప్యూటరు. మాట్లాడేవారి ధ్వనిని అది సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాస్తుంది. అంటే ఒక సెకను మాటకు 64,000 బిట్లు అవుతాయి. ఈ రాశిని సాధారణంగా సెకనుకు 50 పొట్లాలుగా కట్టి, కంప్యూటర్ల సమాచారం ప్రయాణించే నెట్‌వర్కు మీదనే పంపుతుంది. అవతలి ఫోను ఆ పొట్లాలను విప్పి తిరిగి ధ్వనిగా మారుస్తుంది.

భారతదేశంలో ఇంటర్నెట్ ద్వారా టెలిఫోను మాటలకు 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతి లభించింది. ఫోన్లు పరస్పరం పిలుచుకునే పద్ధతులలో ప్రసిద్ధమైన సిప్ అనే నియమావళి నేటి రూపం పొందినది కూడా 2002లోనే. 2005 మార్చిలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రవ్యాప్త నెట్‌వర్కుల పథకాన్ని ఆమోదించింది. రాష్ట్ర కేంద్రాన్ని జిల్లా కేంద్రాలతోను, వాటిని మండల స్థాయి కార్యాలయాలతోను కలిపి, లెక్కలతో పాటు మాటను, దృశ్యాన్ని కూడా చేరవేయడం ఆ పథకం ఆశయం. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్ పథకం ఇంటర్నెట్‌ను, టెలివిజన్‌ను, టెలిఫోన్‌ను ఒకే తీగ మీద ఇళ్ళకు చేర్చింది. ఇలా ఒకే దారిలో అన్నీ ప్రయాణించే కాలంలో, ఏ పరికరం ఏమి చేయాలో చెప్పే వ్రాతకు ప్రాధాన్యం పెరిగింది.

ఫోను మేల్కొనే క్రమం

ఐ.పి. ఫోనుకు కేబుల్ తగిలించగానే అది పనిచేయదు. నాలుగు మెట్లు ఎక్కిన తరువాతనే అది పలుకుతుంది.

మొదటిది విద్యుచ్ఛక్తి. చాలా కార్యాలయాలలో నెట్‌వర్కు కేబుల్ ద్వారానే ఫోనుకు విద్యుత్తు అందుతుంది. ఈ పద్ధతి 2003లో ప్రమాణంగా స్థిరపడింది. రెండవది చిరునామా. ఫోను నెట్‌వర్కును తనకొక చిరునామా ఇమ్మని అడుగుతుంది. చిరునామాతో పాటు, దాని ఫైలు ఏ సర్వరులో ఉన్నదో కూడా సమాధానంగా వస్తుంది. మూడవది ఫైలు. ప్రతి ఫోనుకు తయారీలోనే ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానిని మ్యాక్ చిరునామా అంటారు. అది 0 నుంచి 9 వరకు గల అంకెలతోను, ఎ నుంచి ఎఫ్ వరకు గల ఇంగ్లీషు అక్షరాలతోను కూర్చిన పన్నెండు గుర్తుల వరుస. ఆ వరుసతో పేరు పెట్టిన ఫైలును ఫోను సర్వరు నుంచి అడిగి తెచ్చుకుంటుంది. పాలీకామ్ ఫోన్లలో ప్రత్యేక ఫైలు దొరకనప్పుడు పన్నెండు సున్నాలు పేరుగా గల ఉమ్మడి ఫైలును అడిగే ఏర్పాటు ఉంది. నాలుగవది నమోదు. ఫైలు చదువుకున్న ఫోను కాల్ సర్వరుకు తన నంబరును, రహస్యపదాన్ని తెలిపి హాజరు వేయించుకుంటుంది.

కనుక ఫోను పరికరం పాడైతే పెద్ద నష్టం లేదు. కొత్త పరికరాన్ని తెచ్చి, దాని గుర్తింపు సంఖ్యను పాత ఫైలుకు పేరుగా మార్చితే చాలు. రెండూ ఒకే రకం ఫోన్లైతే పాత నంబరు, పాత పేరు, పాత అమరికలు కొత్త పరికరానికి వస్తాయి. ఫైలు పోతే మాత్రం ఎంత ఖరీదైన ఫోనైనా మూగదే.

మూడు అంతస్తుల వ్రాత

ఒక సంస్థకు విజయవాడలో ప్రధాన కార్యాలయం, నందిగామ, జగ్గయ్యపేటలలో శాఖలు ఉన్నాయని భావించవచ్చు. చోటుకు ఇరవై చొప్పున మొత్తం అరవై ఫోన్లు. ఒక్కొక్క ఫోను మీటలు నొక్కి అమరికలను చేత్తో మార్చడానికి ఐదు నిమిషాలు పడితే, అరవై ఫోన్లకు ఐదు గంటలు కావాలి. రహదారి మీద గడిచే కాలం దీనికి అదనం. అంతటి శ్రమ పడినా ఏ ఫోనులో ఏ అంకె తప్పిందో చెప్పగలవారు ఉండరు.

అందువల్ల నిపుణులు అమరికలను మూడు అంతస్తులుగా విభజిస్తారు. మొదటిది ఉమ్మడి ఫైలు. కాల్ సర్వరు పేరు, గడియారపు సమయం, ధ్వనిని కట్టే పద్ధతి వంటి అందరికీ సమానమైన విషయాలు ఇందులో ఉంటాయి. రెండవది ఊరి ఫైలు. ఆ ఊరి టెలిఫోను కోడు, స్థానిక నంబరులోని అంకెల సంఖ్య, బయటి పిలుపులకు వాడవలసిన లైను ఇందులో ఉంటాయి. మూడవది ఫోను ఫైలు. ఆ ఫోను లోపలి నంబరు, తెర మీద కనిపించే పేరు, రహస్యపదం మాత్రమే ఇందులో ఉంటాయి. ఒకే విషయం రెండు చోట్ల ఉన్నప్పుడు చిన్న పరిధి గల ఫైలులోని మాట చెల్లేటట్లు ఏర్పాటు చేస్తారు. అయినా ఒక విషయాన్ని ఒక్క చోటనే వ్రాయడం ఉత్తమం. రెండు చోట్ల వ్రాసినది ఏదో ఒకనాడు రెండు విధాలుగా మారక తప్పదు.

ఈ విభజన ఎందుకు అవసరమో ఒక ఉదాహరణ వల్ల తెలుస్తుంది. నందిగామ శాఖలో ఎవరైనా ఆరు అంకెల స్థానిక నంబరు నొక్కారు. పిలుపు విజయవాడ లైను మీదుగా పోయే ఏర్పాటు ఉంటే, ఆ ఆరు అంకెలకు ముందు 08678 చేర్చాలి. నందిగామ ఫైలునే నకలు తీసి, కోడు మార్చకుండా జగ్గయ్యపేటకు పంపినట్లయితే ఏమవుతుంది? జగ్గయ్యపేటలోని ఉద్యోగి తన ఊరి ఆసుపత్రికి ఫోను చేస్తే నందిగామలో సంబంధం లేని వారి ఇంట గంట మోగుతుంది. నొక్కినవారి తప్పు లేదు, ఫోను చెడిపోలేదు. తప్పు ఐదంకెల వ్రాతలో ఉంది.

ఫోను ఒక శాఖ నుంచి మరొక శాఖకు మారినప్పుడు కూడా ఇటువంటి చిక్కే వస్తుంది. ఊరి కోడును ఫోను ఫైలులో వ్రాస్తే ఆ ఫోను ఎక్కడికి పోయినా పాత ఊరినే వెంట తీసుకుపోతుంది. ఊరి విషయాన్ని ఊరి నెట్‌వర్కే ఫోనుకు తెలిపేటట్లు అమర్చితే, జగ్గయ్యపేట గోడలోని కేబుల్ తగిలిన మరుక్షణం అది జగ్గయ్యపేట ఫోను అవుతుంది. స్థలానికి చెందినది స్థలం వద్ద, వ్యక్తికి చెందినది వ్యక్తి వద్ద ఉండాలన్నదే ఇక్కడి సూత్రం.

ఒక్క సున్న మార్పు

భారతదేశంలో 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను ద్వారా మొబైల్ ఫోనుకు పిలిచేవారు పది అంకెల ముందు సున్న చేర్చడం తప్పనిసరి అయింది. మొబైల్ సేవలకు కొత్త నంబర్లు సమకూర్చడం ఈ మార్పు ఉద్దేశం. దీనివల్ల 254.4 కోట్ల కొత్త నంబర్లకు వీలు కలుగుతుందని అంచనా వేశారు.

ఇళ్ళలో ఇది అలవాటుకు సంబంధించిన మార్పు. కార్యాలయాలలో ఇది వ్రాతకు సంబంధించిన మార్పు. అమరికలను ఫోను ఫోనుకూ విడిగా ఉంచిన చోట ప్రతి ఫోనును తాకవలసి వచ్చే పని ఇది. ఉద్యోగుల పేర్ల పట్టికలో, ఒక్క మీటతో పిలిచే నంబర్లలో, పిలుపుల మళ్ళింపులో ఉన్న ప్రతి మొబైల్ నంబరునూ వెదకి సవరించాలి. అదే ఉమ్మడి ఫైలులోనో, కాల్ సర్వరులోనో నియమాలను ఒక్క చోట వ్రాసుకున్న సంస్థకు ఒక్క వాక్యం చాలు: నొక్కిన సంఖ్యకు పది అంకెలుండి, మొదటి అంకె 6, 7, 8, 9లలో ఏదైనా అయితే, బయటి లైనుకు పంపేటప్పుడు ముందు సున్న చేర్చాలి. ఈ వాక్యాన్ని ముందురోజే వ్రాసి, పరీక్షించి, నియమిత దినాన అమలులోకి తేవచ్చు.

మార్పుల చిట్టా

2022లో జిల్లాలు మారినప్పుడు ఈ ప్రాంతానికి జిల్లా కేంద్రం మచిలీపట్నం కాక విజయవాడ అయింది. నందిగామ రెవిన్యూ డివిజన్ కేంద్రమైంది. కార్యాలయాల పేర్లు, అధికారుల హోదాలు, పిలవవలసిన నంబర్లు మారాయి. ఫోన్లలోని పేర్ల పట్టికలు వాటికి తగినట్లు మారవలసి వచ్చింది. ఇటువంటి సందర్భాలలో ఏమి మార్చారన్నది ఒక్కటే చాలదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారన్నది కూడా వ్రాయాలి.

ఈ సంప్రదాయం జగ్గయ్యపేట నేలకు కొత్త కాదు. 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన అక్కడి బౌద్ధ స్తూపం వద్ద ప్రాకృత భాషలో వ్రాసిన స్తంభ శాసనాలు లభించాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలను దానం చేసినట్లు అవి తెలుపుతున్నాయి. ఏ రాజు కాలం, ఏ సంవత్సరం, ఎవరు, ఏమి చేశారన్న నాలుగు విషయాలూ అందులో ఉన్నందువల్లనే పదిహేడు వందల ఏండ్ల నాటి పని నేటికీ అర్థమవుతున్నది. తేదీ లేని మార్పు, చేసినవారి పేరు లేని మార్పు మరుసటి నెలకే అంతుపట్టకుండా పోతుంది.

నేడు ఈ చిట్టాను వ్రాయడానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ వాటిలో ప్రసిద్ధమైనది. ఫైలులో ఏ వరుస మారిందో అది చూపుతుంది. అవసరమైతే పాత ప్రతిని తిరిగి తెస్తుంది. అంతటి సాధనం లేనివారు తేదీ పేరుతో నకళ్ళు దాచి, ఒక నోటు పుస్తకంలో వివరాలు వ్రాసుకున్నా మేలే. అమరికలు ఒక్క ఉద్యోగి జ్ఞాపకంలో మాత్రమే ఉండడం అన్నిటికంటే ప్రమాదకరం. 1984లో కరణాల పదవులు రద్దయ్యే వరకు గ్రామ భూముల లెక్కలు కరణం అధీనంలో ఉండేవి. లెక్క తెలియాలంటే ఆయననే ఆశ్రయించాలి. ఏ కార్యాలయమూ తన ఫోన్ల విషయంలో అటువంటి స్థితిని తెచ్చుకోరాదు.

తప్పు వ్యాపించే తీరు

ఉమ్మడి ఫైలు వల్ల కలిగే మేలే దాని ముప్పు కూడా. ఒక్క సవరణ అరవై ఫోన్లను బాగుచేసినట్లే, ఒక్క తప్పు అరవై ఫోన్లను మూగబోయేటట్లు చేస్తుంది. సర్వరు పేరులో ఒక్క అక్షరం తప్పితే, ఆ ఫైలు చదివిన ఫోన్లన్నీ వరుసగా నమోదు కోల్పోతాయి. కనుక మార్పును మొదట ఒక్క ఫోనులో పరీక్షించాలి. లోపలి పిలుపు, స్థానిక పిలుపు, మొబైల్ పిలుపు, అత్యవసర పిలుపు అన్నీ సరిచూడాలి. తరువాత ఒక శాఖకు, చివరకు అన్ని శాఖలకు పంపాలి. పాత ఫైలును చేతికందేటట్లు ఉంచుకోవాలి.

రహస్యపదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫోన్లు ఫైళ్ళు తెచ్చుకునే పాత పద్ధతి అయిన టి.ఎఫ్.టి.పి. 1981 నాటిది. అడిగేది ఎవరని అది ప్రశ్నించదు. పంపే ఫైలుకు రహస్యలిపి తొడగదు. గుర్తింపు సంఖ్య తెలిసిన ఎవరైనా ఆ ఫైలును, అందులోని రహస్యపదాన్ని పొందగలరు. అది చిక్కినవారు తమ విదేశీ పిలుపుల ఖర్చును సంస్థ మీద వేయగలరు. అందుచేత రహస్యలిపిలో పంపే హెచ్.టి.టి.పి.ఎస్. పద్ధతిని వాడడం, ఫోన్లకు ప్రత్యేక నెట్‌వర్కు కేటాయించడం, అన్ని ఫోన్లకు ఒకే రహస్యపదం పెట్టకపోవడం శ్రేయస్కరం.

ఆపద వేళ

2023 జూలై చివరి వారంలో మునేరు పొంగి, నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద వరదనీరు జాతీయ రహదారిని ముంచింది. విజయవాడ, హైదరాబాదుల మధ్య వాహనాలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో వచ్చిన వరదలలో కూడా ఈ దారి స్తంభించింది. అటువంటి రోజున ఫోన్లు సరిచేయడానికి విజయవాడ నుంచి మనిషి రాలేడు. విజయవాడ సర్వరుతో సంబంధం తెగితే శాఖలోని ఫోన్లు పలకగలవా అన్న ప్రశ్నకు సమాధానం ముందే వ్రాసి ఉండాలి.

చాలా రకాల ఫోన్లు చివరిసారి చదివిన ఫైలును తమలోనే దాచుకుంటాయి. కాని ఫైలు ఉన్నంత మాత్రాన పిలుపు పోదు. ప్రధాన సర్వరు పలకనప్పుడు ఆశ్రయించవలసిన రెండవ సర్వరు పేరు అందులో ఉండాలి. ఊరిలోని సొంత లైను ఒకటి సిద్ధంగా ఉండాలి. విద్యుత్తు పోతే స్విచ్చిని, దానితో ఫోన్లను నడిపే బ్యాటరీ ఉండాలి. ముఖ్యంగా 108, 112 వంటి అత్యవసర పిలుపులు ఊరి లైను మీదనే పోవాలని ఊరి ఫైలులో వ్రాయాలి. జగ్గయ్యపేటలో నొక్కిన పిలుపు విజయవాడ లైను మీద బయటికి పోతే, అందుకున్నవారికి అది విజయవాడ నుంచి వచ్చినట్లే తోస్తుంది. బాధితుడు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఊరూరికి మారేది, అందరికీ సమానమైనది, ఒక్కరికే చెందినది వేరు చేసి వ్రాయడం, వ్రాసినదాన్ని పరీక్షించడం, మార్పుకు తేదీ, కారణం చేర్చడం, నకలును భద్రంగా ఉంచడం. ఈ నాలుగు పనులకు ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. శ్రద్ధ, స్పష్టత గల వ్రాత చాలు. ఆ వ్రాత సరిగా ఉన్న కార్యాలయంలో ఆపదలో ఉన్న వ్యక్తి ఫోను తీసి నంబరు నొక్కితే, పిలుపు చేరవలసిన చోటికి చేరుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

అమరిక = ఏర్పాటు, కూర్పు
నకలు = ప్రతి
చిట్టా = వివరాల పట్టిక
అధీనం = వశం
శ్రేయస్కరం = మేలు కలిగించేది
స్తంభించు = కదలకుండా నిలిచిపోవు
ఆయక స్తంభాలు = బౌద్ధ స్తూపం నాలుగు దిక్కుల వేదికల మీద నిలిపే స్తంభాలు

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు వ్రాయండి.
1. ఐ.పి. ఫోను మేల్కొనే క్రమాన్ని వివరించండి.
2. అమరికలను మూడు అంతస్తులుగా విభజించడం వల్ల కలిగే ప్రయోజనాలను ఉదాహరణలతో తెలపండి.
3. ఉమ్మడి ఫైలు వల్ల కలిగే మేలును, ముప్పును సమీక్షించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. 2021 జనవరి 15న వచ్చిన మార్పు ఏమిటి? దాని ఉద్దేశం ఏమిటి?
2. జగ్గయ్యపేట శాసనాన్ని ఈ పాఠంలో ఎందుకు ప్రస్తావించారు?
3. అత్యవసర పిలుపులు ఊరి లైను మీదనే ఎందుకు పోవాలి?

ఇ) క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. ఎంత ఖరీదైన ఫోనైనా మూగదే.
2. తప్పు ఐదంకెల వ్రాతలో ఉంది.

ఈ) సంధులు
కార్యాలయం = కార్య + ఆలయం (సవర్ణదీర్ఘ సంధి)
ముఖ్యోద్దేశం = ముఖ్య + ఉద్దేశం (గుణ సంధి)
అత్యవసరం = అతి + అవసరం (యణాదేశ సంధి)
విద్యుచ్ఛక్తి = విద్యుత్ + శక్తి (శ్చుత్వ సంధి)
ఊరూరు = ఊరు + ఊరు (ఆమ్రేడిత సంధి)

ఉ) అభ్యాసం
మీ కళాశాలకు రెండు ఊళ్ళలో శాఖలున్నాయని భావించి, ఉమ్మడి ఫైలులో, ఊరి ఫైలులో, ఫోను ఫైలులో వ్రాయవలసిన విషయాలను మూడు పట్టికలుగా తయారుచేయండి.